అద్దం కింద మలయా

"పెద్దన్న చావలేదు, రేపటి మనువు ఆపండి" అని అరుస్తూ కోటేశ్వర్లు రత్తమ్మ గుమ్మం ముందు కూలిపోయిన దగ్గర కిందటి వారం మనం ఆగాం. కోటేశ్వర్లు తొమ్మిదేళ్ల తర్వాత మలయా నుంచి తిరిగొచ్చిన మనిషి. పెద్దన్న రత్తమ్మ మొగుడు. ఇద్దరూ ఒకే రోజున, ఒకే ఓడలో వెళ్లారు. అయితే మూడు నెలల కిందటే పుల్లారావు అనే మరో మనిషి అదే మలయా నుంచి వచ్చి, పెద్దన్న జ్వరంతో పోయాడనీ, తన చేతులతోనే పూడ్చిపెట్టాననీ చెప్పి ఉన్నాడు. ఆ మాట మీద రత్తమ్మ గాజులు తీసింది. ఆ మాట మీదే క్వారీ మేస్త్రీ సాంబయ్యతో ఆమెకు మారుమనువు కుదిరింది.

ఇద్దరిలో ఒకడు అబద్ధమాడుతున్నాడు. ఎవడో తేల్చడానికి ఉన్నది ఈ ఒక్క పూటే.

ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు నాపరాళ్లపాలెం మునసబు ధనుంజయరావు గారి వసారాలో జనం చేరారు. గురజాల వైపు ఆ ఊళ్లో మే నెల ఎండకు రాతి అరుగు మీద కూర్చోవడం కూడా కష్టమే. అందరూ గోడ నీడలోకి జరిగి కూర్చున్నారు. మునసబు గారి తలుపులకు నీలం రంగు వేస్తున్న గురజాల ముసలాయన జాన్ సాహెబు మాత్రం నిచ్చెన దిగలేదు. కలిపిన రంగు ఎండిపోతుందన్న బాధ ఆయనది.

కోటేశ్వర్లు మూడు చెంబుల గంజి తాగి లేచాడు గాని నిలబడలేకపోతున్నాడు. స్తంభానికి చేరగిలబడ్డాడు. వెళ్లినప్పుడు ఇద్దరు మనుషుల బరువున్న రాయిని ఒక్కడే దొర్లించేవాడు. ఇప్పుడు ఒంటి మీద చొక్కా తడికెకు ఆరేసినట్టుంది.

"పంచాయితీ అంటే నాకు విసుగు," అన్నాడు మునసబు, విసనకర్ర మార్చుకుంటూ. "ఇద్దరూ మలయా చూశామంటారు. ఒకడు చచ్చాడంటాడు, ఒకడు బతికాడంటాడు. మలయాకు మనం పోలేం. మలయా మాత్రం మన దగ్గరే ఉంది."

అందరూ ఎదురుగోడ వైపు చూశారు.

అక్కడుంది ఆ పటం. ముప్ఫై ఏడులో కూలీలను తీసుకుపోవడానికి వచ్చిన ఏజెంటు తెచ్చి తగిలించిన రంగుల అచ్చు బొమ్మ. నెత్తిన తెల్లగా మెరిసే కొండ. కొండ కింద నీలం సరస్సు. సరస్సు మీద ఎర్ర వంతెన. ఒడ్డున గడ్డి కప్పు ఇల్లొకటి, గులాబీ రంగు పూలు తప్ప ఆకన్నది లేని చెట్లు. "ఇదిగో మలయా. ఎండ ఉండదు, రాయి ఉండదు," అన్నాడు ఏజెంటు. బండలు కొట్టి కొట్టి అరచేతులు కాయలు కాసిన మనుషులు ఆ నీళ్లను చూస్తూ నిలబడిపోయారు. ఆ వారంలోనే పదకొండు మంది వేలిముద్రలు వేశారు.

వాళ్లు వెళ్లాక పటం ఆడవాళ్లదైంది. ఆదివారం క్వారీకి సెలవు. ఆ పూట తల్లులూ పెళ్లాలూ వచ్చి పటం ముందు నిలబడేవాళ్లు. ఎవరి చోటు వాళ్లకుంది. పెద్దన్న తల్లి నాంచారమ్మ గడ్డి ఇంటి మీద వేలు పెట్టేది, కొడుకు అక్కడ పడుకుంటాడని. ఇంకొకామె వంతెన మీద పెట్టేది. రత్తమ్మ వేలు ఎక్కడ పెట్టేదో ఎవరూ గమనించలేదు. యుద్ధం మొదలై ఉత్తరాలు ఆగిపోయాక వేళ్లు ఇంకా ఎక్కువయ్యాయి. కాయితం అరిగిపోతోందని మునసబు గారి భార్య వీరరాఘవమ్మ పటాన్ని గురజాల పంపి అద్దం వేయించింది. అద్దం వచ్చాక ఆడవాళ్ల రాక తగ్గింది. అద్దం మీద వేలు పెడితే వేలికి అద్దమే తగులుతుంది.

మునసబు లేచి, భుజం మీది కండువా తీసి పటం మీద కప్పాడు.

"ఇప్పుడు చెప్పండి. మలయా ఎట్టా ఉంటుంది? ముందు పుల్లారావు."

పుల్లారావు అచ్చంపేట వైపు మనిషి. సున్నపు బట్టీ దగ్గర పని చేసుకుంటూ ఊళ్లోనే ఉండిపోయాడు. మెత్తని మనిషని పేరు. పెద్దన్నను పూడ్చిన చేతులని రత్తమ్మ అతనికి ప్రతి శనివారం జొన్నరొట్టెలు కట్టిచ్చేది. శనివారం శనివారం నడికూడి ఆంజనేయస్వామి గుడికి వెళ్లే మొక్కు ఉందనీ, గుడి దగ్గర ఒక దిక్కులేని వాడికి పెట్టి తను తింటాననీ చెబితే, ఇద్దరు మనుషులకు సరిపడా కట్టేది.

"తెల్ల కొండ ఉంటదయ్యా," అన్నాడు పుల్లారావు, నేల చూస్తూ. "దాని కింద పెద్ద చెరువు. నీళ్లు నీలంగా ఉంటయ్. ఎర్ర వంతెన మీంచి పనికి పోతాం. చెట్లకు ఆకులుండవు, పూలే."

జనం తలలూపారు. అక్షరం తప్పు పోలేదు.

"నువ్వు చెప్పరా కోటేశ్వర్లూ."

కోటేశ్వర్లు కళ్లు మూసుకున్నాడు. చెప్పడానికి బలం కూడదీసుకుంటున్నట్టుంది.

"రబ్బరు చెట్లయ్యా. తాడు పట్టి నాటినట్టు వరసలు. యాడ చూసినా అయ్యే. పైన ఆకాశం కనపడదు. తెల్లారకముందే లేచి చెట్టుకు గాటు పెట్టాలి, పాలు కారడానికి చిప్ప కట్టాలి. వాన. ఎప్పుడూ వానే. కాళ్లకు జలగలు."

"కొండ?"

"నేనున్న కాడ తెల్ల కొండ లేదు."

"చెరువు?"

"లేదయ్యా."

"మరి వంతెన?"

"ఉంది. రంగు లేదు దానికి. మేమే కట్టాం," అన్నాడు కోటేశ్వర్లు. "జపానోళ్లొచ్చినాక రబ్బరు పని పోయింది. సయాం అడవిలో రైలు మార్గం ఎయ్యాలన్నారు. మేం రాళ్లు కొట్టేవాళ్లమని ఎట్టా తెలిసిందో, మమ్మల్నే ముందు ఏరుకున్నారు. పదకొండు మందిమి పోయాం గదా. ఆ అడవిలో తొమ్మండుగురు పోయారు. నేనూ పెద్దన్నా మిగిలాం. ఆస్పత్రిలో వాణ్ని మంచం మీద వదిలి నేను వేరే క్యాంపుకు పోయా. అప్పటికి బతికే ఉన్నాడు. నా కళ్లతో చూశా."

తొమ్మండుగురిలో నలుగురి తల్లులు అక్కడే కూర్చుని ఉన్నారు. పొద్దుటి నుంచి అతను ఆ లెక్క చెప్పకుండా దాటేస్తూ వచ్చాడు.

నమ్మకపోవడమే వాళ్లకు మిగిలిన దారి. ఒకామె లేచి నిలబడింది.

"మలయాలో కొండ లేదా! గుంటూరులో స్టేషను లేదను, అది గూడా నమ్ముతాం! యాడ తిరిగొచ్చావో, ఏ జైల్లో ఉన్నావో! మా పిల్లోళ్ల మీద చావు మాటెందుకురా నీకు?"

"సిగ్గుండాల!" అన్నారెవరో వెనక నుంచి. "అంత కొండ కనపడలేదంట!"

మునసబు పటం మీది కండువా లాగేశాడు. మధ్యాహ్నపు వెలుతురులో తెల్ల కొండ మెరిసింది. తొమ్మిదేళ్ల తర్వాత కోటేశ్వర్లు దాన్ని చూడడం అదే మొదలు. స్తంభం పట్టుకుని లేచి, నాలుగడుగులు వేసి, దగ్గరగా నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు.

"ఈ కొండ నాకు తెలుసు," అన్నాడు.

"ఇందాక లేదన్నావు!"

"మలయాలో లేదన్నా. మమ్మల్ని కాపలా కాసే సోల్జరు పాకలో ఉంది. ఇట్టాంటి కాయితమే, ఇంతే ఉంటది. తడికెకు అంటించుకున్నాడు. పగలంతా మమ్మల్ని వెదురుకర్రతో బాదేవాడు. పొద్దు గూకినాక దాని ముందు కూచుని ఏడిసేవాడు. ఇది వాళ్ల ఊరి కొండయ్యా. జపాను కొండ."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత మునసబు నవ్వాడు.

"ఓరి నీ తెలివి తగలెయ్య! ఏజెంటు మనకు జపాను చూపించి మలయాకు ఓడెక్కించాడా? ఈ పటం నా గోడ మీద తొమ్మిదేళ్లుగా ఉందిరా. నువ్వు ఇవాళ పొద్దున వచ్చావు. ఎవరి మాట నమ్మాలి?"

జపానోళ్ల కింద గడిపిన మూడేళ్లలో జవాబులు చెప్పడం మీద కోటేశ్వర్లుకు నమ్మకం పోయింది. తిరిగి వెళ్లి స్తంభం పక్కన కూలబడ్డాడు. "మీ ఇష్టం," అన్నాడు. "నేను చెప్పేది చెప్పా. కాసింత పడుకోనియ్యండి."

తీర్పు అయిపోయినట్టే. మునసబు చెప్పుల కోసం చూశాడు. ఓ మూల కూర్చున్న సాంబయ్య, రేపటి పెళ్లికొడుకు, అటు సంతోషించలేక ఇటు లేవలేక కొత్త తువ్వాలు మడతలు పెడుతున్నాడు. పెళ్లాం పోయి ఐదేళ్లయిన మనిషి. రత్తమ్మను ఒక్క మాట నొప్పించినవాడు కాదు.

అప్పుడు నాంచారమ్మ గోడ పట్టుకుని పటం దగ్గరికి నడిచింది. కళ్లు మసకలు. అద్దానికి ముక్కు ఆనేంత దగ్గరగా వెళ్లింది.

"పుల్లారావూ," అంది. "నా కొడుకును పూడ్చానన్నావు గదయ్యా. చెరువు గట్టునన్నావు. గట్టు చానా పొడుగుంది. యాడ? నాకు కాస్త చూపించు. రేపట్నుంచి నా కోడలు ఇంకో ఇంటికి పోతది. నేనొక్కదాన్నే వచ్చి దండం పెట్టుకోవాల. చోటు తప్పు కాకూడదు."

పుల్లారావు కదల్లేదు.

"చెప్పు నాయనా. ముసల్దాన్ని."

అతను వచ్చాడు. ఆమె చెయ్యి అందుకున్నాడు. ఆమె వేలిని అద్దం మీద నెమ్మదిగా జరుపుకుంటూ, వంతెన దాటించి, సరస్సు ఎడమ మూల ఆపాడు. అక్కడ ఒడ్డున చిన్న తెల్ల గుమ్మటం ఉంది.

"ఇక్కడమ్మా. ఈ తెల్ల గుమ్మటం పక్కన. నీడగా ఉంటదని ఆ చోటే ఎంచా. పొద్దున పూట గుమ్మటం నీడ సరిగ్గా మీ వాడి మీద పడతది."

నాంచారమ్మ వేలు అక్కడే ఉంచి ఏడ్చింది. చూస్తున్నవాళ్లూ కళ్లు ఒత్తుకున్నారు.

రత్తమ్మ ఏడవలేదు. గడప దగ్గరి నుంచి లేచి వచ్చింది.

"కాస్త జరుగు అత్తా."

అద్దం మీద చెయ్యి అడ్డం పెట్టి, వెలుగు పడకుండా చేసి, ఆ మూల చూసింది. మళ్లీ చూసింది. అద్దం వేశాక ఆమె ఈ పటం దగ్గరికి రావడం ఇదే మొదలు.

"ఇక్కడ గుమ్మటం లేదు," అంది.

"ఏమే, కళ్లెదురుగా కనపడతా ఉంటే!" అన్నాడు మునసబు.

"ఇప్పుడుంది. అప్పుడు లేదు. ఇక్కడ పడవ ఉండేది. చిన్న పడవ, ఒక మనిషి కూచునేంత." ఆమె గొంతు పెద్దది కాలేదు. "మా ఆయన ఓడెక్కి పోయాడు గదా. ఓడ ఎట్టా ఉంటదో నాకు తెలవదు. పటంలో నీటి మీదుండేది అదొక్కటే. ఆరేళ్లు, ఆదివారం తప్పకుండా నేను వేలు పెట్టింది దాని మీదే. కొన్నాళ్లకు పడవ తెల్లబడింది. ఇంకొన్నాళ్లకు కాయితం బొక్క పడింది. నేనే చెరిపేశా. అందుకే రావడం మానేశా. ఎవరికీ చెప్పలా."

ఆమె తిరిగి, తలెత్తి, నిచ్చెన మీదికి చూసింది.

"సాయిబు తాతా. పటం అద్దానికి వచ్చింది నీ దగ్గరికే గదా?"

జాన్ సాహెబు కుంచె ఆగి ఉంది. చాలాసేపటి నుంచే అది కదలడం లేదని కింద కారిన నీలం రంగు చుక్కలు చెబుతున్నాయి. ముసలాయన మునసబు వైపు భయంగా చూశాడు.

"దిగి చెప్పవయ్యా," అన్నాడు మునసబు.

"తప్పయింది దొరా," అన్నాడు జాన్ సాహెబు, దిగకుండానే. "అమ్మగారు అద్దం వెయ్యమనే పంపారు. చూస్తే మూల బొక్క. అట్టాగే అద్దం వేస్తే జాన్ సాహెబే చింపాడంటారు. వెనక కాయితం అంటించి ముందు రంగేశా. అక్కడేముండేదో నాకేం తెలుసు? నాకొచ్చిందే వేశా. మా ఈదిలో దర్గా గుమ్మటం అది. నలభై ఏళ్లుగా పొద్దున లేస్తే నాకు కనపడేది అదే."



మునసబు దగ్గరికి వెళ్లి, కళ్లజోడు తుడిచి పెట్టుకుని, గుమ్మటాన్ని చూశాడు. దాని మీద వెంట్రుకంత సన్నంగా ఒక ఆకుపచ్చ జెండా ఉంది. ఆ జెండాను గురజాల వెళ్లినప్పుడల్లా ఆయన చూస్తూనే ఉన్నాడు. గోడ మీద మూడేళ్లుగా ఉన్నది మాత్రం ఇవాళే చూశాడు.

"పుల్లారావూ," అన్నాడు. గొంతులో ఇందాకటి విసుగు లేదు. "గురజాల దర్గా నీడలో పూడ్చావురా నువ్వు పెద్దన్నను? మలయాలో?"

సాంబయ్య చేతిలో తువ్వాలు జారింది. ఇందాక కోటేశ్వర్లును తిట్టిన ఆడమనిషి ఆ స్తంభం వైపు చూసి వెంటనే తల తిప్పుకుంది. గుమ్మటం అబద్ధమైతే కొండా అబద్ధమే. కొండ అబద్ధమైతే అతను చెప్పిన అడవి నిజం, అతను చెప్పిన తొమ్మండుగురు నిజం. ఆమె పక్కనున్న తల్లి మెల్లగా మోకాళ్ల మీద తల పెట్టుకుంది.

పుల్లారావు పారిపోతాడనుకుని ఇద్దరు వాకిలికి అడ్డం నిలబడ్డారు. అవసరం లేకపోయింది. అతను పటం కిందనే చతికిలబడ్డాడు. బరువు దించుకున్న కూలీలా భుజాలు రెండూ వదిలేశాడు.

"నేను ఓడెక్కలేదు," అన్నాడు. "సముద్రం చూసింది మద్రాసు రేవులోనే. అక్కడ మూటలు మోశా. మలయా ఎట్టుంటదో ఈ గోడే నాకు చెప్పింది. వచ్చిన రోజు మీరంతా అడిగారు గదా, కొండ చూశావా, వంతెన చూశావా అని. మీరు అడిగిన దానికల్లా తలాడించా. మీకు అదే కావాలనిపించింది."

"ఎవరు పంపారు నిన్ను?" అంది రత్తమ్మ.

అతను నేల మీది నీలం చుక్కల వైపు చూశాడు.

"నా మొగుడు చచ్చాడని చెప్పమని ఎవరు పంపారు?"

"నీ మొగుడే."

ఆ మాట అతి మామూలుగా వచ్చింది. పుల్లారావు ఆమె వైపు చూడలేదు, స్తంభం వైపు చూశాడు.

"అడగమ్మా, ఆ కోటేశ్వర్లన్నను అడుగు. నీ మొగుడు ఆస్పత్రిలో ఎందుకున్నాడో ఇంకా చెప్పలేదు."

రత్తమ్మ కోటేశ్వర్లు ముందు కూర్చుంది. "ఏందన్నా?"

కోటేశ్వర్లు కళ్లు తెరవలేదు. "చెప్పనని ఒట్టేయించుకున్నాడమ్మా. కాలికి పుండు లేచింది. ఆ అడవిలో పుండు లేస్తే ఎముక దాకా తింటది. ఎడమ కాలు తొడ కాడికి తీసేశారు. ముందు రోజు నన్నడిగాడు, ఒంటి కాలోడు బండ ఎట్టా కొడతాడ్రా అని. నేనేం చెప్పాలి?"

"ఓడలో వచ్చి మద్రాసు రేవులో దిగాడు," అన్నాడు పుల్లారావు. "కర్రల మీద. నేనే వీపున ఎక్కించుకుని సత్రానికి తెచ్చా. ఆరు వారాలు కలిసి ఉన్నాం. ఒకటే మాట. రత్తమ్మ వయసులో ఉంది, మా కులంలో మారుమనువు ఉంది, నేను బతికున్నానంటే అది నన్ను మోస్తూ చస్తది. పోయి నేను చచ్చానని చెప్పు అని. నేను ఒప్పుకోలా. అన్నం మానేశాడు. అప్పుడొప్పుకున్నా."

"ఎక్కడున్నాడు?" రత్తమ్మ లేచి నిలబడింది. "మద్రాసులోనా?"

పుల్లారావు తల అడ్డంగా ఊపాడు.

"శనివారం శనివారం నువ్వు కట్టిచ్చిన రొట్టె తినేది ఎవరనుకున్నావమ్మా?"

నాంచారమ్మ వేలు అద్దం మీంచి జారింది.

రత్తమ్మకు తను కట్టిన మూటలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. పండుమిరప పచ్చడి ఎక్కువ పెట్టిన వారం. ఉప్పు మరిచిన వారం. ఆ పైవారం పుల్లారావు వచ్చి, ఎవరో అన్నట్టుగా, "ఉప్పు లేకపోయినా బాగుందన్నాడమ్మా ఆ దిక్కులేనోడు" అని నవ్వకుండా చెప్పడం.

అందరికన్నా ముందు లేచింది సాంబయ్య. కింద పడిన కొత్త తువ్వాలు తీసి, దుమ్ము దులిపి, తలకు చుట్టుకున్నాడు. "నడికూడి గదా," అన్నాడు ఎవరి వైపూ చూడకుండా. "బండి కడతా. నా ఎద్దులు బాగా నడుస్తయ్." అని వాకిట్లోకి వెళ్లిపోయాడు. అడ్డంగా నిలబడ్డ ఇద్దరూ పక్కకు తప్పుకున్నారు.

రత్తమ్మ అతని వెనకే మెట్లు దిగింది. ఎండకు నాపరాళ్లు కాలుతున్నాయి. ఆమెకు చెప్పులు వేసుకోవాలన్న ధ్యాస లేదు. ఎద్దుల మెడల మీద సాంబయ్య కాడి పెట్టేసరికి ఆమె బండి చక్రం మీద కాలు పెట్టింది.

"అమ్మా రత్తమ్మా!"

పుల్లారావు వసారా అంచు దాకా వచ్చి నిలబడ్డాడు. అతని చేతిలో ఒక గుడ్డ మూట ఉంది. తన సంచిలోంచి ఇప్పుడే తీసినట్టున్నాడు. నిన్న పొద్దున రత్తమ్మ కట్టిన ముడి దాని మీద అలాగే ఉంది.

"నీ మనువు సోమవారమేనని నిన్న చెప్పా అతనికి. సంతోషపడతాడనుకున్నా. మూట విప్పలేదు, సత్రంలో అన్నం మానేసినప్పటి లాగే. నా చేతికే తిరిగిచ్చాడు."

అతను మూట ఆమె వైపు చాచాడు.

"'ఇంక శనివారాలు రావద్దులే పుల్లారావూ' అన్నాడు."